ఆపినవాళ్లు కూర్చునే స్టూలు

ఇది మొదలైంది జులై నెల మొదటి సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు. గోడ గడియారం చూసి మరీ గుర్తుపెట్టుకున్నాను. పాశమైలారంలో మా మందుల ఫ్యాక్టరీ, ప్యాకింగ్ హాలు, రెండో లైను. బెల్టు మీద వరసగా వస్తున్న గోలీల స్ట్రిప్పులు ఒక్కసారిగా ఆగిపోయాయి. మిషను ఆగితే ఆ హాల్లో ఏసీ గాలి చప్పుడు వినిపిస్తుంది. మామూలుగా అది వినిపించేది మధ్యాహ్నం అన్నాల వేళే. పదీ నలభైకి వినిపించేసరికి తల ఎత్తి చూశాను.

నేను ఆ ఫ్యాక్టరీలోనే ప్యాకింగ్ సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాను. మావారు బీరంగూడ దగ్గర ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికని కృష్ణా జిల్లా నుంచి వచ్చారు. ఆయన వెంట నేను. ఆయన పోయాక ఇంట్లో కూర్చోలేక, కొత్తగా చేరే ఆడవాళ్లకు పని నేర్పుతారా అని కంపెనీ వాళ్లు అడిగితే సరేనన్నాను. అందుకని ఈ వయసులో కూడా పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కుతున్నాను.

ప్రతి మిషనుకూ ఒక ఎర్ర బటన్ ఉంటుంది. తేడా కనిపిస్తే ఎవరైనా నొక్కవచ్చని గోడ మీద మూడు భాషల్లో రాసి ఉంటుంది. కొత్తవాళ్లకు పాఠం చెప్పేటప్పుడు నేనూ అదే చెప్పేదాన్ని. కానీ నా సర్వీసు మొత్తంలో, బెల్టు దగ్గర నిలబడే ఆడవాళ్లలో ఒక్కరు కూడా దాన్ని నొక్కడం చూడలేదు. మిషను ఆగితే మెకానిక్ విసుక్కుంటాడు. సూపర్‌వైజరు అరుస్తాడు. సాయంత్రం కాంట్రాక్టరు ఫోన్ చేసి రేపటి నుంచి రావద్దంటాడు. అందుకని తేడా కనిపిస్తే చాలామంది చూపు పక్కకు తిప్పుకునేవాళ్లు.

ఆ రోజు బటన్ నొక్కినావిడకు ముప్పై అయిదేళ్లుంటాయి. పక్క ఊరి మనిషే. వాళ్ల పొలం ఉన్నచోట ఇప్పుడు ఇంకో ఫ్యాక్టరీ ఉంది. మా బస్సు రోజూ దాని ముందునుంచే వెళ్తుంది, ఆమె అటు చూడదు. హాల్లోకి నగలతో రాకూడదు. ఆమె ముక్కుపుడక ఎంత తిప్పినా ఊడిరాదు కాబట్టి గేటు దగ్గర దానిమీద తెల్ల టేపు అంటించుకుని, పైన మాస్కు కట్టుకుని లోపలికి వచ్చేది. రెండేళ్లుగా పని చేస్తున్నా ఆమె గొంతు సరిగా విన్న గుర్తు లేదు నాకు. హాల్లో అందరూ ఆమెను వదిన అనేవాళ్లు. నేనూ ఇక్కడ అలాగే రాస్తాను.

ఆ వదిన బటన్ నొక్కి, కాలిపోయినదానిలా చెయ్యి వెనక్కి తీసుకుని నిలబడింది. పక్కన నిలబడ్డ పటాన్‌చెరు ఆవిడ, మా హాల్లో అందరికంటే నోరు ఎక్కువ ఉన్న మనిషి, మెల్లగా అంది.

"ఏందే వదినా, పైసలు ఎక్కువైనయా నీకు? రేపటిసంది ఇంట్ల కూసుంటవా?"

మేనేజరు వచ్చాడు. అతను మా దగ్గర చేరి అప్పటికి మూడు వారాలు కూడా కాలేదు. జహీరాబాద్ వైపు మనిషి, నలభై దాటి ఉంటాడు. పాత మేనేజరైతే అద్దాల గదిలోంచే అరుస్తూ వచ్చేవాడు. ఇతను నడుచుకుంటూ వచ్చాడు. వస్తూ వస్తూ మూలన ఉన్న స్టీలు స్టూలు చేత్తో పట్టుకొచ్చాడు. ఆ స్టూలు సూపర్‌వైజర్లది. ఆడవాళ్లెవరూ దానిమీద కూర్చోరు. దాన్ని తెచ్చి వదిన వెనక పెట్టాడు.

"కూసో అక్కా."

వదిన కూర్చోలేదు. కూర్చోబెట్టి మరీ తిడతాడనుకున్నట్టుంది. నేనూ అదే అనుకున్నాను.

"కూసో. ఆపినోళ్లు కూసోవాలె, నేను నిలబడి వినాలె. ఇగ ఇక్కడ గదే లెక్క. ఏం కనబడ్డది?"

వదిన స్టూలు అంచు మీద కూర్చుంది. బ్యాచ్ నంబరులో మూడు అంకె ఎనిమిదిలా కనిపించిందని చెప్పింది. ఒక్కొక్క మాటా లాగితే వచ్చినట్టు వచ్చింది. అతను స్ట్రిప్పులు తీసి చూశాడు. నన్ను చూడమన్నాడు. క్వాలిటీ వాళ్లను పిలిచి చూడమన్నాడు. మూడు మూడులాగే ఉంది. పైన ట్యూబులైటు వెలుగు స్ట్రిప్పు రేకు మీద పడి, ఆమె నిలబడ్డ చోటునుంచి చూస్తే మాత్రం ఎనిమిదిలా మెరుస్తోంది. ఇరవై ఎనిమిది నిమిషాలు పోయాయి. బయట విదేశాలకు పోవలసిన సరుకు కోసం లారీ నిలబడి ఉంది.

ఇక అయిపోయింది అనుకున్నాను. అతను వదినను అడిగాడు.

"రేపు మళ్ల గిట్లనే కనబడితే ఆపుతవా?"

"ఆప సార్. తప్పయింది."

"అయితే ఇయ్యాల టైమంత దండుగే పోయినట్టు. ఆపుత అను, అప్పుడు పోలేదని నేనంట."

హాలంతా చూస్తోంది. వదిన తల వంచుకుని, "ఆపుత సార్," అంది. అతను ఎలక్ట్రీషియన్ని పిలిపించి ఆ లైటును పక్కకు జరిపించి వెళ్లిపోయాడు. తప్పుగా ఆపిన మనిషికి కుర్చీ వేయడం నేను ఎక్కడా చూడలేదు.

మధ్యాహ్నం అతని గదికి వెళ్లాను. లెక్క సరిగా లేకపోతే నాకు అన్నం సయించదు.

"సార్, అందరూ ఇలా ఆపుకుంటూ పోతే సరుకు ఎప్పుడు వెళ్తుంది?"

"మేడం, ఆమె ఈడ రెండేండ్ల సంది ఉన్నది. రెండేండ్లల్ల ఒక్కపారి గూడ ఏ తేడా కనబడలేదంటే నమ్ముతరా?"

"నమ్మను."

"మరి కనబడ్డయన్ని ఏడికి పోయినయి?"

అవి ఎక్కడికి పోతాయి. డబ్బాల్లోకి, లారీల్లోకి, మందుల షాపుల్లోకి, ఎవరెవరి ఇళ్లలోకో. ఇన్నేళ్లు ఎంత సరుకు వెళ్లిందో లెక్క పెట్టాను గానీ, ఎంతమంది చూసి ఊరుకున్నారో అన్న లెక్క ఒకటి ఉంటుందని నాకు తట్టలేదు.

తరువాతి సోమవారం ఇంకో వింత. షిఫ్టు మొదలవక ముందు అందరినీ గేటు లోపలి షెడ్డులో నిలబెట్టి మాట్లాడటం మామూలే. ఎంత సరుకు అయింది, ఎంత కావాలి, ఎవరు ఆలస్యంగా వచ్చారు. అతను అవేవీ చెప్పలేదు.

"పోయినవారం నేను ఒక తప్పు చేసిన. వేరే మందుకు పోయే రేకు చుట్టను ఈ లైనుకు ఇయ్యమని సంతకం పెట్టిన. స్టోర్ల పనిచేసే అన్న చూసి నా దగ్గరికి తెచ్చిండు. తేకపోతే నా సంతకం మీద తప్పు సరుకు పోతుండె. ఇగ మీల ఎవలన్న చెప్తరా?"

ఎవరు చెబుతారు. అందరూ కాళ్లవైపు చూసుకున్నారు. ఆఖరికి పటాన్‌చెరు ఆవిడే అంది.

"సార్, మాయి చెప్పుకుంట పోతే షిఫ్టు అయిపోతది. మీయే ఇంకొకటి చెప్పండ్రి, మంచిగున్నది."

అందరూ నవ్వారు. అతను కూడా నవ్వి, నిజంగానే ఇంకొకటి చెప్పాడు. నేను మటుకు నవ్వలేదు. ఆఫీసరన్నవాడు కింది వాళ్ల ముందు తన తప్పు చెప్పుకుంటే రేపు అతని మాట ఎవరు వింటారని భయపడ్డాను. నా భయం తప్పని తేలడానికి నెల పట్టింది. ఆగస్టులో ఒక సోమవారం స్టోరు అన్న తన తప్పు చెప్పాడు. ఆ పై వారం మెకానిక్ చెప్పాడు. మాట వినడం ఎక్కడా తగ్గలేదు.

స్టూలు మీద మా హాల్లో హాస్యాలు పుట్టాయి. ఎవరికైనా నడుము నొప్పి వస్తే, "పోయి బటన్ ఒత్తు, సార్ కుర్సీ ఏస్తడు," అనేవాళ్లు. పటాన్‌చెరు ఆవిడ ఒకరోజు నిజంగానే ఒత్తింది. మేనేజరు వచ్చి స్టూలు వేశాడు. ఆమె హాయిగా కూర్చుని కాళ్లు చాపింది.

"ఏం కనబడ్డది అక్కా?"

"ఏం కనబడలే సార్. కాళ్లు గుంజుతున్నయి. పొద్దటిసంది నిలబడితే కండ్లు గూడ మసకయితయి. స్టూలు ఉత్తగనే ఉన్నది గదా అని."

ఈసారి తప్పకుండా కొంప మునిగిందనుకున్నాను. ఆటలాడుతున్నావా అని ఆమెను గేటు బయటికి పంపితే నేను కూడా కాదనేదాన్ని కాదు. అతను కాసేపు ఆమె కాళ్లవైపు చూశాడు. ఆమె మడమలు వాచి ఉన్నాయి. ఇంకెవరికి కళ్లు మసకేస్తున్నాయని అందరినీ అడిగాడు. చేతులు ఒక్కొక్కటే లేచాయి, సగానికి పైగా. నెల తిరక్కుండా బెల్టు పొడుగునా కాళ్ల కింద రబ్బరు పట్టాలు వేయించాడు, గంట నిలబడితే గంట కూర్చునేలా ఎత్తు బల్లలు తెప్పించాడు. నేను ఆ హాల్లో ఎన్నో ఏళ్లు సూపర్‌వైజరుగా తిరిగాను. ఆ మడమలు నా కళ్ల ముందే వాచాయి.

వదిన మాత్రం మాట తప్పలేదు. ఆగస్టులో ఇంకోసారి ఆపింది. అదీ తప్పే. స్టూలు వేశారు, కూర్చుంది, లేచింది. ఈసారి అంచు మీద కాదు, సరిగ్గానే కూర్చుంది. సెప్టెంబరులో మూడోసారి ఆపింది. ఆ రోజు డబ్బాల్లో పెట్టే మందు వివరాల కాగితాల మధ్య, అంతకు ముందు రోజు నడిచిన ఎక్కువ పవరు మందు కాగితాలు కొన్ని కలిసిపోయి ఉన్నాయి. ట్రే వెనక ఇరుక్కుని ఉండిపోయినవి. చిన్న మోతాదు వేసుకోవలసిన మనిషి పెద్ద మోతాదు కాగితం చదువుకుంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. మేనేజరు చప్పట్లు కొట్టించలేదు. స్టూలు వేసి, "ఏం కనబడ్డది అక్కా?" అని ఎప్పటిలాగే అడిగాడు. తప్పుగా ఆపినప్పుడు ఎలా అడిగాడో అలాగే.

అక్టోబరులో మందు కొనే దేశంనుంచి తనిఖీకి ఇద్దరు వచ్చారు. అలాంటివాళ్లు వస్తే ఆడవాళ్లను తల ఎత్తవద్దని చెప్పడం మా పాత అలవాటు. ఇతను వదినను పిలిచి, కాగితాల సంగతి నువ్వే చెప్పు అన్నాడు. ఆమె తెలుగులో చెప్పింది, అతను ఇంగ్లీషులో చెప్పాడు. వచ్చినవాళ్లలో ఒకామె అడిగింది, మీ మేనేజరే ఆపవద్దంటే ఏం చేస్తావని. వదిన ఆలోచించింది.

"సార్ గట్ల అంటడా? అంటే, స్టూలు మీద సార్‌నే కూసోబెట్టి అడుగుత. ఏమైంది సార్, పానం మంచిగలేదా అని."

అతను ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు. తెల్లామె పగలబడి నవ్వింది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. రెండేళ్లు గొంతు వినిపించని మనిషి ఈమేనా అని నమ్మబుద్ధి కాలేదు.

ఆ నెలాఖరుకే రెండో లైను లీడరు ఉద్యోగం ఖాళీ అయింది. లీడరంటే ఆకుపచ్చ టోపీ. టోపీతోపాటు కాంట్రాక్టరు చేతిలోంచి బయటపడి కంపెనీ మనిషి కావచ్చు. మా ఫ్యాక్టరీలో బెల్టు దగ్గర నిలబడే ఆడవాళ్లకు అంతకుమించిన ఆశ లేదు. మేనేజరు వదిన పేరు పంపాడు. ఆమె వద్దంది.

"నాకొద్దు సార్. మందిని ఒక మాట అనాలంటే నాకు నోరు రాదు."

"నోరు రానోళ్లే కావాలె నాకు."

హెడ్డాఫీసు వాళ్లు మూడు నెలలు చూస్తామన్నారు. నవంబరు ఒకటి నుంచి జనవరి ఆఖరుదాకా. లైను బాగా నడిస్తే టోపీ ఉంటుంది, కంపెనీ ఉద్యోగం వస్తుంది. లేదంటే మళ్లీ నీలం టోపీ, కాంట్రాక్టరు. మొదటి రోజు ఆకుపచ్చ టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుంటుంటే పటాన్‌చెరు ఆవిడ వెనకనుంచి, "ఆకుల కట్ట నెత్తిన పెట్టుకున్నట్టున్నవ్ వదినా, మేకలొస్తయి చూస్కో," అంది. వదిన నవ్వింది. ఇంటి దగ్గర ఆడబిడ్డలకు కూడా ఫోటో చూపించిందట.

నవంబరు, డిసెంబరు బాగా నడిచాయి. ఎవరు ఆపినా వదిన స్టూలు తెచ్చేది, నిలబడి వినేది. డిసెంబరులోనే ఒడిశా పిల్ల ఒకతి చేరింది. ఇరవై ఏళ్లుంటాయి. పాశమైలారం ఊళ్లో ఒక గదిలో ఇంకో నలుగురితో కలిసి కిరాయికి ఉండేది. నిండిన డబ్బాలు బెల్టు చివర పెద్ద పెట్టెలో సర్దే పని ఆమెది. నా దగ్గరే పని నేర్చుకుంది. ఎర్ర బటన్ గురించి చెబితే, నిజంగా నొక్కవచ్చా అని హిందీలో మూడుసార్లు అడిగింది. నిజంగానే అని వదినే చెప్పింది, స్టూలు కూడా చూపించింది.

జనవరి ఆఖరు వారం వచ్చింది. సోమవారం ఉదయం టీ వేళ వదిన, నేను క్యాంటీను దగ్గర నిలబడి ఉన్నాం. మేనేజరు గ్లాసు పట్టుకుని అటుగా వెళ్తూ ఆగాడు. ప్రేమగానే, మెల్లగా అన్నాడు.

"ఈ వారం జెర చూసుకో."

"సరే సార్," అంది వదిన.

అంతే. ఆమె బాగు కోరే చెప్పాడని నేనూ సంతోషించాను.

బుధవారం మధ్యాహ్నం రెండుంబావుకి లైను ఆగింది. ఆపింది ఒడిశా పిల్ల. మేనేజరు ఆ రోజు హెడ్డాఫీసులో ఉన్నాడు. వదిన ఆ చివరినుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది. స్టూలు గోడ దగ్గరే ఉంది. దాని పక్కనుంచే వచ్చింది.

"ఎవరు ఆపమన్నరే నిన్ను? ఇది మీ అయ్య జాగ అనుకున్నవా?"

"దీదీ, వో డేట్... నాకు సాఫ్ కనిపించలే అనుకున్న..."

వదిన డబ్బా లాక్కుని చూసింది. తేదీ సరిగానే ఉంది.

"ఏది? ఏడ ఉన్నది తేడా? కండ్లు ఇంట్ల పెట్టి వచ్చినవా? నడువ్, పని చెయ్."

ఆ మాటలు వదినవి కావు. పాత మేనేజరువి, ఆయన కంటే ముందు ఉన్నవాళ్లవి. ఒక్క అక్షరం మారలేదు. ఎవరి నోటనుంచి అవి వస్తాయని నేను కలలో కూడా అనుకోలేదో ఆ నోటనుంచే వచ్చాయి. పటాన్‌చెరు ఆవిడ కూడా, ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి, బెల్టు వైపు తిరిగి తన పని చూసుకుంది. పిల్ల తల వంచుకుని పెట్టె సర్దసాగింది. లైను నడిచింది. ఆగింది నిండా నాలుగు నిమిషాలు కూడా లేదు. నేను వదిన దగ్గరికి వెళ్లాను.

"ఏంటమ్మా అది?"

"ఈ వారం అయిపోనీ పెద్దమ్మా. గీ ఒక్క వారం."

గురువారం పగటి షిఫ్టులో ఏ గొడవా లేదు. ఒక్కసారి కూడా లైను ఆగలేదు. సాయంత్రం లారీకి ఎక్కించే ముందు క్వాలిటీ వాళ్లు పెట్టెలు విప్పి చూశారు. డబ్బాల మీద గడువు తేదీ కొన్నిటికి సగమే పడింది, కొన్నిటికి అసలు పడలేదు. తేదీ కొట్టే మిషను ఉండి ఉండి ఎగ్గొట్టింది. ఆ షిఫ్టు సరుకంతా పంపకుండా ఆపేశారు. గంటకోసారి నాలుగు డబ్బాలు తీసి చూసే చెకింగులో ఆ నాలుగూ మంచివే వచ్చాయి. ప్రతి డబ్బా చేతిలోకి వచ్చేది బెల్టు చివర నిలబడ్డ మనిషికి మాత్రమే.

మేనేజరు ఒడిశా పిల్లను పిలిచాడు. స్టూలు వేశాడు. ఆమె కూర్చోలేదు.

"నీకు కనబడలేదా బేటీ?"

"దేఖా సార్."

"ఎప్పటిసంది?"

"సుబే సే."

పొద్దున్నుంచీ చూసింది. మరి ఎందుకు ఆపలేదని అడిగాడు. ఆ పిల్ల ఎవరివైపూ చూడలేదు. ఎవరి మీదా చెప్పలేదు. ఒకే మాట అంది.

"కల్ రోకీ థీ నా సార్."

నిన్న ఆపాను కదా అని. నిన్న ఏం జరిగిందో అతనికి తెలియదు. హాల్లో అందరికీ తెలుసు. వదిన బల్ల అంచు పట్టుకుని నిలబడింది. మాస్కు పైన ఆమె కళ్లు చూడలేక నేను పక్కకు తిరిగాను.

శుక్రవారం ఆ పిల్ల రాలేదు. శనివారం కూడా రాలేదు. ఆదివారం పొద్దున వదిన మా ఇంటికి ఫోన్ చేసి, పెద్దమ్మా నాతోని వస్తవా అంది. ఇద్దరం పాశమైలారంలో ఆ గదికి వెళ్లాం. రేకుల గదుల వరస, ముందు తీగమీద ఫ్యాక్టరీ అప్రాన్లు ఆరేసి ఉన్నాయి. గదిలో ఇంకో ఒడిశా అమ్మాయి అన్నం వండుతోంది. తెలుగు బాగానే వచ్చు. పిల్ల ఇస్నాపూర్ వైపు వేరే ఫ్యాక్టరీలో చేరిందని, అటే ఉంటోందని చెప్పింది. ఫోన్ కలిపి ఇస్తానంది. మోగింది, ఎత్తలేదు.

"అక్కడ పని ఎట్లున్నదట?" అని వదిన అడిగింది.

"మంచిగున్నదంట అక్కా. అక్కడ మిషన్లకు బటన్ లేదంట. ఏం చూసినా చెప్పే పని లేదు, ఎవరూ ఏమనరు అన్నది. ఇప్పుడు మనసుకు నిమ్మళం ఉన్నదంట."

వదిన అక్కడే గడప మీద కూర్చుండిపోయింది. ఆ అమ్మాయి కంగారుపడి మంచినీళ్లు ఇచ్చింది. ఏడిస్తే ఓదార్చేదాన్ని. ఏడవలేదు. గ్లాసు పట్టుకుని అలా చూస్తూ ఉంది. వాళ్ల పొలం ఉన్నచోటు అక్కడికి రెండు సందుల అవతలే. తిరిగి వస్తూ మొదటిసారి అటువైపు చూసింది.

సోమవారం ఉదయం షెడ్డులో అందరం నిలబడ్డాం. మేనేజరు నోరు తెరవక ముందే వదిన ముందుకు వచ్చింది. ఆకుపచ్చ టోపీ తీసి చేత్తో పట్టుకుంది.

"బుధవారం ఆ పిల్ల లైను ఆపితే నేను స్టూలు ఏయలే. తిట్టిన. అందుకనే గురువారం అది చూసి గూడ ఆపలే. తప్పు దానిది కాదు, నాది. దాన్ని ఏమనద్దు. ఇగ ఇది తీసుకోండ్రి సార్."

అతను టోపీ తీసుకోలేదు. తరువాత వదినతో కాదు, మా అందరితో చెప్పాడు.

"తప్పు నాది. పోయిన సోమవారం టీ తాగేటప్పుడు నేను అక్కకు ఒక మాట చెప్పిన. ఈ వారం జెర చూసుకో అన్న. ఆర్నెల్ల సంది ఆపు ఆపు అనుకుంట, ఆఖరు వారం వచ్చేసరికి ఆపనీయకు అన్నట్టే చెప్పిన. నాకు హెడ్డాఫీసు భయం ఉండె. ఆ భయం తీసి అక్క నెత్తిన పెట్టిన. అక్క తీసుకపోయి ఆ పిల్ల నెత్తిన పెట్టింది."

ఆ మాట అతను అన్నప్పుడు నేను అక్కడే, టీ గ్లాసు పట్టుకుని, అతనికి చేతికందేంత దూరంలో ఉన్నాను. నాలుగు మాటలు. అందులో నాకు ఆశీర్వాదమే వినిపించింది. తేదీలు, వేళలు, నిమిషాలు అన్నీ పట్టుకునే నేను ఆ నాలుగు మాటల బరువు పట్టుకోలేదు.

ఇదే సంగతి హెడ్డాఫీసుకు కూడా రాసి పంపాడని తరువాత తెలిసింది. వాళ్లు అతన్ని ఏమన్నారో తెలియదు. వదిన సంగతి మాత్రం మంగళవారం మధ్యాహ్నానికే తేల్చారు. మూడు నెలల్లో ఒక షిఫ్టు సరుకు పోయింది కాబట్టి టోపీ లేదు. అతను మళ్లీ వెళ్లి అడిగాడు. కాదన్నారు. టోపీ పటాన్‌చెరు ఆవిడకు ఇచ్చారు. ఆమె తీసుకోనని కాసేపు మొండికేసింది. వదినే వెళ్లి ఆమె నెత్తిన పెట్టింది.

"మేకలొస్తయి, చూస్కో," అంది.

నవ్వించాలనే అంది. ఎవరికీ నవ్వు రాలేదు.

వదిన నీలం టోపీతో బెల్టు చివరికి వెళ్లింది. ఒడిశా పిల్ల నిలబడే చోటు కావాలని తనే అడిగింది. ఇక ఈమె జన్మలో బటన్ జోలికి పోదనుకున్నాను. శుక్రవారం పదకొండు గంటల అయిదు నిమిషాలకు మిషను ఆగింది. ఏసీ గాలి చప్పుడు వినిపించింది. తల ఎత్తి చూస్తే బటన్ మీద వదిన చెయ్యి. ఈసారి చెయ్యి వెనక్కి తీసుకోలేదు, అలాగే ఉంచి నిలబడింది.

పటాన్‌చెరు ఆవిడ ఆ చివరినుంచి వస్తోంది. ఆకుపచ్చ టోపీకి అది నాలుగో రోజు, ఆమెకు కూడా మూడు నెలల గడువే పెట్టారు. ఆమె గోడ దగ్గర ఆగింది. స్టూలు అందుకుని, నేలమీద కర్రుమని ఈడ్చుకుంటూ తెచ్చింది.

"కూసో వదినా. ఏం కనబడ్డది?"

వదిన కూర్చుంది. డబ్బా మీద తేదీలో ఒక అంకె పలచగా ఉందనిపించిందని చెప్పింది. పటాన్‌చెరు ఆవిడ చూసింది. నేను చూశాను. మేనేజరు కూడా వచ్చి చూశాడు. అంకె బాగానే ఉంది.

"బాగనే ఉన్నది," అంది పటాన్‌చెరు ఆవిడ. "రేపు కనబడితే మళ్ల ఆపు."

మిషను మొదలైంది. వదిన లేచి తన చోటుకు వెళ్లి పెట్టె సర్దుకుంది.

పోయినవి ఇవి. గురువారం పగటి షిఫ్టు సరుకంతా. ఆ సాయంత్రం ఖాళీగా తిరిగి వెళ్లిన ఒక లారీ. వదిన ఆకుపచ్చ టోపీ, దానితో కంపెనీ ఉద్యోగం. ఇరవై ఏళ్ల ఒడిశా పిల్ల ఒకతి, ఇప్పుడు బటన్ లేని మిషను దగ్గర నిలబడి ఉంది.